కైకమ్మ వేలు పెట్టిన చోట

దేవాసుర యుద్ధంలో దశరథుడి రథానికి చీల ఊడిపోతే, కైకమ్మ తన వేలు అడ్డం పెట్టి చక్రం జారిపోకుండా కాపాడిందనీ, ఆ మెప్పుతోనే ఆయన రెండు వరాలిచ్చాడనీ మనందరం చిన్నప్పుడు విన్నవాళ్లమే. వాల్మీకంలో వేలి ఊసు లేదు. స్పృహ తప్పిన భర్తను యుద్ధభూమి నుంచి తప్పించి తెచ్చిందని మాత్రమే ఉంది. అయినా మన ఇళ్లలో నిలిచింది వేలి కథే. రామాయణమంతా ఆ ఇరుసు మీదే తిరిగింది కదా మరి!

ఆ వేలు ఎంత నలిగి ఉంటుందో మాత్రం ఏ పురాణమూ చెప్పదు. తిరిగే చక్రానికీ తిరగని ఇరుసుకూ మధ్య ఉన్న ఆ సందు సామాన్యమైంది కాదు. బరువంతా అక్కడే, రాపిడంతా అక్కడే. ఎడ్లబండి రోజుల్లో ఆ రాపిడికి మందు కందెన. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసుకునేవారు. కందెన పెట్టని బండి వస్తూంటే పొలిమేరలో ఉండగానే ఊరికి తెలిసిపోయేది, ఆ కీచుమనే మోతకి. ఇవాళ మన కార్లలో ఆ చోట ఉండేది బేరింగు. మగవాళ్ల సామానని మనం దాని మొహం చూడం గానీ, దాని కథ మొదలెడితే వదలబుద్ధి కాదు.

సూత్రం మనకి తెలియంది కాదు. బీరువాను ఈడిస్తే గచ్చు గీసుకుపోతుంది. కింద రెండు రోకళ్లు పెడితే చిన్నపిల్లయినా నెట్టేస్తుంది. శనగలు ఒలికిన గచ్చు మీద కాలు పెట్టినవాళ్లని అడగండి, జారడం ఎంత సులువో చెప్తారు! ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు ఉక్కు కడియాలు, వాటి నడుమ గోళీలు - అంతే బేరింగంటే.

ఇటలీలో నెమీ అనే సరస్సుంది. రెండు వేల ఏళ్ల కిందట కలిగ్యులా చక్రవర్తి అందులో విలాస నౌకలు కట్టించుకున్నాడు. తర్వాత అవి మునిగిపోయాయి. 1928 నుంచి సరస్సు నీళ్లు తోడించి వాటిని బయటికి తీస్తే, గుండ్రంగా తిరిగే ఒక చెక్క పీఠం కింద గోళీలు కనిపించాయి! ఆ నౌకలు 1944లో యుద్ధపు మంటల్లో కాలిపోయాయి, అది వేరే దుఃఖం. లియొనార్డో డావిన్సీ కూడా గోళీలు ఒకదానికొకటి రాసుకోకుండా ఎలా అమర్చాలో బొమ్మ గీసి పెట్టుకున్నాడు. ఆ కాగితాలు మాడ్రిడ్ గ్రంథాలయంలో ఎక్కడో మరుగునపడి 1960లలో గానీ బయటపడలేదు. 1794లో వేల్స్ దేశంలో ఫిలిప్ వాన్ అనే ఇనుప కార్ఖానా యజమాని గుర్రపు బండి ఇరుసుకి గోళీలు అమర్చి పేటెంటు తీసుకున్నాడు. అదీ పెద్దగా సాగలేదు. ఆలోచన ఉంటే చాలదు, అన్ని గోళీలూ ఒకే కొలతలో రావాలి. ఒక్కటి లావైతే బరువంతా దాని నెత్తిన పడుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు!

దశ తిరిగింది సైకిలుతో. పారిస్‌లో జూల్ సురిరే అనే ఆయన 1869లో సైకిలు చక్రాలకు బాల్ బేరింగులు అమర్చాడు. ఆ గోళీలను అరగదీసి నున్నచేసింది సాంత్ పెలజీ జైలు ఖైదీలని చెప్తారు. అదే ఏడు నవంబరు 7న పారిస్ నుంచి రూఆన్‌కు 123 కిలోమీటర్ల పందెం జరిగింది. సురిరే బేరింగుల సైకిలెక్కిన జేమ్స్ మూర్ దాదాపు పదిన్నర గంటల్లో చేరి గెలిచాడు. చరిత్ర పుస్తకాలు అక్కడితో ఆపేస్తాయి. నాకు ముచ్చటేసింది మరో పేరు చూసి. అదే పందెంలో 'మిస్ అమెరికా' అన్న మారుపేరుతో ఒకావిడ 29వ స్థానంలో చేరింది. ఆ రోజుల దుస్తులు, ఆ రోజుల రోడ్లు, ఆ ఇనుప సైకిళ్లు! ఆ తల్లి పడ్డ ఆయాసం తలుచుకుంటే మొదటి బహుమతి ఎవరికివ్వాలో నాకైతే సందేహమే.

1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ అనే చిన్న ఊళ్లో ఫ్రీడ్రిష్ ఫిషర్ అనే ఆయన ఉక్కు గోళీలను ఒకే కొలతకు సానబట్టే యంత్రం తయారుచేశాడు. ఇక చూడండి! 1898లో అమెరికాలో బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్, గోళీల బదులు ఒక పక్క సన్నమైన ఉక్కు కడ్డీ ముక్కలు పెట్టాడు. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాన్ని పక్కకి తోసే భారాన్ని కూడా అవి ఓర్చుకుంటాయి. స్వీడన్‌లో ఒక బట్టల మిల్లు బంకమట్టి నేల మీద కట్టారు. నేల కుంగి యంత్రాల ఇరుసులు వంకర పోతుంటే, అక్కడి ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ 1907లో ఆ వంకరకి సర్దుకుపోయే బేరింగు కనిపెట్టాడు. ఎస్‌.కె.ఎఫ్‌. కంపెనీ అలా పుట్టింది. వోల్వో అన్న పేరు కూడా మొదట దాని బేరింగులకి అనుకున్నదే. లాటిన్‌లో 'దొర్లుతున్నాను' అని అర్థంట. ఆ పేరుతో కారు వచ్చింది 1927లో.

ష్వైన్‌ఫుర్ట్ దగ్గరికి మళ్లీ రావాలి. రెండో ప్రపంచ యుద్ధంనాటికి జర్మనీ బేరింగుల్లో పెద్ద వాటా ఆ ఒక్క ఊళ్లోనే తయారయ్యేది. బేరింగు లేనిదే ట్యాంకు కదలదు, విమానం ఎగరదు. ఆ ఊరు కూలిస్తే జర్మనీ కూలుతుందని అమెరికన్లు లెక్కవేశారు. 1943 ఆగస్టు 17న ష్వైన్‌ఫుర్ట్ మీదికీ, రేగెన్స్‌బుర్గ్ మీదికీ వెళ్లిన విమానాల్లో అరవై తిరిగి రాలేదు. మళ్లీ అక్టోబరు 14న ష్వైన్‌ఫుర్ట్ మీదికి 291 బయల్దేరాయి. ఆనాడూ అరవై కూలాయి. ఒక్కో విమానంలో పదిమంది కుర్రాళ్లు. కింద ఆ కార్ఖానాల్లో పనిచేస్తున్నది ఎవరు? జర్మన్ కార్మికులతోపాటు, సైన్యం ఆక్రమించిన దేశాల నుంచి బలవంతాన పట్టుకొచ్చిన కూలీలు, వాళ్లలో ఆడవాళ్లు కూడా. ఏ దేశపు బాంబు ఎవరి నెత్తిన పడిందో చూడండి! తీరా యుద్ధం ముగిశాక అమెరికన్లే విచారించి తేల్చిందేమిటంటే, ఆ దాడులవల్ల జర్మనీ యుద్ధ సామగ్రికి చెప్పుకోదగ్గ కొరత రాలేదట. ముందే దాచుకున్న సరుకుంది, స్వీడన్ నుంచి వచ్చేది కొంత. ఆ స్వీడనే ఇటు బ్రిటన్‌కీ అమ్మింది. బ్రిటిషువాళ్లు విమానాల్లో రాత్రికి రాత్రి మోసుకుపోయేవారు. పిల్లలాడుకునే గోళీకాయంత వస్తువు కోసం ఇన్ని ప్రాణాలా అని ఆ లెక్కలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో బిర్లాలు 1946లో జైపూర్‌లో బేరింగుల కంపెనీ పెట్టారు. అంతకుముందు అరిగితే సీమ సరుకే దిక్కు.

బేరింగు మంచిదైతే దాని ఉనికే తెలియదు. అరిగినప్పుడే నోరు విప్పుతుంది. మా నాన్నగారి పాత కారు ఇంకా పుట్టింట్లో ఉంది. తమ్ముడు దాన్ని ప్రాణంలా చూసుకుంటాడు. అయినా జబ్బు కనిపెట్టింది వాడు కాదు. వెనక సీట్లో కూర్చున్న అమ్మ అంది, "ఒరేయ్, తిరగలి విసురుతున్నట్టుందిరా. కుడిపక్కకి తిరిగినప్పుడల్లా మరీను."

"రోడ్డు బాగాలేదే అమ్మా" అన్నాడు వాడు. రోజూ నడిపేవాడికి కొంచెం కొంచెంగా పెరిగే రొద వినపడదు. ఎప్పుడో ఎక్కేవాళ్లకే వినిపిస్తుంది. అమ్మ చెప్పిన గుర్తు కూడా గొప్పదే. కారు కుడికి తిరిగితే భారం ఎడమ చక్రం మీద పడుతుంది కనుక, జబ్బు ఎడమవైపునే. తమ్ముడు జాకీ ఎత్తి, కింద గట్టి స్టాండు కూడా పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకలాడింది. అలాగే వదిలేస్తే ఎప్పుడో చక్రం పట్టేసేది, లేదా ఊడే వచ్చేది.

పెరట్లోనే విప్పాడు. మూత తీస్తే నట్టు, ఆ నట్టు కదలకుండా అడ్డం ఒక చిన్న సూది. కైకమ్మ వేలు! దాని వెనక బేరింగు, లోపల ఇంకోటి. పాతదాని బయటి కడియాన్ని కూడా కొట్టి తీసేశాడు. కొత్త బేరింగుకి పాత కడియం ఉంచకూడదట. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు సందుల్లోకి కూరుతుంటే అమ్మ నవ్వింది, "గుత్తివంకాయకి కారం కూరినట్టుందిరా" అని. వాడు మాత్రం నవ్వలేదు. ఒక్క ఇసుక రేణువు పడితే కొత్తదీ పాడేనట. నట్టు బాగా బిగించి, చక్రం తిప్పి చూసి, మళ్లీ వెంట్రుకవాసి వదులు చేశాడు. మరీ బిగిస్తే వేడెక్కి మాడుతుంది, వదిలేస్తే ఊగుతుంది. ఇప్పటి కార్లలో ఈ పని ఇంట్లో కుదరడం కష్టం. చాలావాటిలో గ్రీజుతో సహా మూసేసిన బేరింగే వస్తుంది, దాన్ని ఎక్కించడానికి ప్రెస్సు యంత్రమే కావాలి.

మా చిన్నతనంలో పాత బేరింగులకి భలే గిరాకీ. మగపిల్లలు షెడ్డు మేస్త్రీని బతిమాలి మూడు సంపాదించి, చెక్కకి బిగించి బేరింగుల బండి కట్టుకునేవారు. సిమెంటు రోడ్డు మీద ఆ గరగర మధ్యాహ్నపు నిద్రలన్నీ చెడగొట్టేది. గుడి ముందర కాళ్లు లేని ముసలాయన కూర్చునే చెక్కపలకకీ అవే ఉండేవి, నాలుగు. రెండు చేతులతో నేలని నెట్టుకుంటూ ఆయన వస్తుంటే, చప్పుడు విని అమ్మ ముందే గుప్పెడు బియ్యం తీసి ఉంచేది.