ఇజ్రాయెల్ పండుగలు: విమానాశ్రయమే మూతపడే రోజు

పండుగంటే మనకు కిటకిటలాడే బస్టాండ్లు, ప్రత్యేక రైళ్లు. ఇజ్రాయెల్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పండుగ వచ్చిందంటే బస్సులు, రైళ్లు ఆగిపోతాయి, దుకాణాలు మూతపడతాయి. జెరూసలేం యాత్రకు వెళ్లే తెలుగు క్రైస్తవులు టికెట్లు కొనే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి క్యాలెండర్‌లో సోమవారం పండుగని ఉంటే, ఆదివారం మధ్యాహ్నానికే షట్టర్లు దిగుతాయి. ప్రతి వారం వచ్చే సబ్బాతు కూడా అంతే: శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా. హైఫా వంటి కొన్నిచోట్ల మాత్రం కొన్ని బస్సులు తిరుగుతాయి. తూర్పు జెరూసలేంలో అరబ్ బస్సులు నడుస్తాయి, పాత నగరంలోని ముస్లిం, క్రైస్తవ వాడల్లో దుకాణాలు తెరిచే ఉంటాయి. పశ్చిమ గోడ దగ్గర సబ్బాతునాడు ఫోన్ బయటికి తీయకూడదు, ఫొటోలు తీయకూడదు.

తేదీలు ఏటా మారతాయి. వారిదీ మనలాగే చాంద్రమాన నెలల లెక్క, అధిక మాసం కూడా ఉంది. అందుకే పస్కా తొలి రోజు 2026లో ఏప్రిల్ 2న వస్తే, 2027లో ఏప్రిల్ 22న వస్తుంది.

అన్నింటికన్నా కఠినమైనది యోం కిప్పూర్, ప్రాయశ్చిత్త దినం. 2026లో సెప్టెంబర్ 20 సాయంత్రం మొదలై 21 రాత్రికి ముగుస్తుంది. దాదాపు 25 గంటల ఉపవాసం. బెన్ గురియన్ విమానాశ్రయంలో విమానాల రాకపోకలు ఉండవు, టీవీ ప్రసారాలు ఆగిపోతాయి. కారు నడపకూడదని చట్టమేమీ లేదు, అయినా యూదుల ఊళ్లలో ఎవరూ నడపరు. అంబులెన్సులు తప్ప వాహనం కనిపించని హైవేల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. చూడదగ్గ దృశ్యమే, కానీ తిండి, నీళ్లు, మందులు ముందురోజే కొని పెట్టుకోవాలి.

పస్కా ఏడు రోజులు. మొదటి, చివరి రోజుల్లోనే పూర్తి సెలవు. అయితే వారమంతా పులిసిన పిండి నిషిద్ధం. సూపర్‌మార్కెట్లలో బ్రెడ్డు, బిస్కెట్లు, బీరు ఉన్న అరలకు ప్లాస్టిక్ కవర్లు కప్పేస్తారు. అన్నం సంగతి ఆసక్తికరం: ఐరోపా మూలాలున్న యూదుల్లో సంప్రదాయం పాటించేవారు ఆ వారం ముట్టరు, మధ్యప్రాచ్యం నుంచి వచ్చినవారిలో చాలామంది తింటారు.

జాతీయ దినాల తీరు వేరు. 2026లో ఏప్రిల్ 14న హోలోకాస్ట్ సంస్మరణ, ఏప్రిల్ 21న అమర సైనికుల సంస్మరణ. మొదటిదానికి ఉదయం 10 గంటలకు, రెండోదానికి ముందురోజు రాత్రి 8కీ మర్నాడు 11కీ దేశమంతటా సైరన్ మోగుతుంది. హైవే మీద కార్లు ఆపి, దిగి నిలబడతారు. మీరూ నిలబడండి. అది ఒకే స్థాయిలో సాగే మోత. హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తే దాడి హెచ్చరిక, అప్పుడు నిలబడకుండా దగ్గర్లోని షెల్టర్‌లోకి పరుగెత్తాలి. సైనికుల సంస్మరణ ముగిసిన సాయంత్రమే స్వాతంత్ర్య దినోత్సవం బాణసంచాతో మొదలవుతుంది. మర్నాడు పార్కుల నిండా మాంసం కాల్చే పొగ. ఆ రోజు బస్సులు నడుస్తాయి.