రాజు ఖాళీ చేసిన చోటు: భారతీయ పాత నోట్లపై సింహాలు, గాంధీ

పాత నోట్లు సేకరించేవాళ్లు ముందు గవర్నరు సంతకం చూస్తారు, ఆ తర్వాత నంబరు వరస. బొమ్మల దాకా వచ్చేసరికి ఆలస్యమవుతుంది. 1938 నుంచి 1996 దాకా రిజర్వు బ్యాంకు వేసిన నోట్లను వరసగా పేర్చి చూస్తే మాత్రం ఒక ప్రశ్న వెంటాడుతుంది. రాజు బొమ్మ తీసేశాక ఆ చోటు ఎవరికి దక్కింది? నోటు మీద అధికార మార్పిడి ముఖ్యంగా ఆ కాస్త చోటులోనే జరిగిందని ఈ వ్యాసం వాదన.

రిజర్వు బ్యాంకు తొలి నోటు, ఐదు రూపాయలది, 1938 జనవరిలో వచ్చింది. దాని మీద ఆరో జార్జి పక్కకు తిరిగి ఉంటాడు. నోటును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, ఖాళీగా కనిపించే భాగంలో నీటిగుర్తుగా మళ్లీ ఆయనే. అచ్చులో ఒకసారి, కాగితం లోపల ఒకసారి. యుద్ధకాలంలో జపాను వాళ్ల దొంగనోట్లు మరీ నాణ్యంగా ఉండటంతో రాజు ముఖం ఎదురుకు తిరిగింది. భద్రతా దారం మన నోట్లలోకి వచ్చింది కూడా అప్పుడే. రాజుగారి తల తిప్పిన ఘనత దొంగనోట్లదే.

1947 ఆగస్టు 15న నోటు మారలేదు. 1948లో పాకిస్తాన్ కోసం వేసిన నోట్ల మీదా రాజే ఉన్నాడు; నీటిగుర్తు ఉండే ఖాళీలో పాకిస్తాన్ ప్రభుత్వం పేరు ఇంగ్లీషులో, ఉర్దూలో అచ్చయింది. ఇక్కడ మాత్రం రాజు స్థానంలో గాంధీని పెట్టాలనుకుని నమూనాలు కూడా గీయించారు. చివరికి సారనాథ్ సింహాల వైపు మొగ్గారు. 1949లో ఒక్క రూపాయి నోటు మీద సింహాలు మొదట కనబడ్డాయి, గణతంత్రం రాకముందే. నాకు తోచే కారణం ఇది: నోటు మీద ముఖం పాలకుడిది అని జనానికి అలవాటైంది. అక్కడ గాంధీని పెడితే ఆయన్ను రాజు కుర్చీలో కూర్చోబెట్టినట్టే. రాతిసింహాలతో ఆ చిక్కు లేదు.

మిగతా నోటు అమరిక చాలావరకు పాతదే. వెనక వైపు పదిమీద పడవ, వందమీద ఏనుగులు. 1954లో మళ్లీ వచ్చిన పెద్ద నోట్లలో వెయ్యి మీద తంజావూరు గుడి, ఐదువేల మీద గేట్‌వే ఆఫ్ ఇండియా. ఆ కట్టడం 1911లో ఐదో జార్జి బొంబాయిలో దిగిన గుర్తుగా కట్టింది! కొడుకును నోటు ముందు నుంచి దించిన ఐదేళ్లకు తండ్రి స్వాగతద్వారం వెనక నుంచి వచ్చి చేరింది. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. 1978లో ఆ పెద్ద నోట్లే రద్దయ్యాయి.

మాటల విషయంలో మాత్రం పట్టింపు గట్టిగానే ఉంది. 1953లో హిందీని ప్రముఖంగా వేసేటప్పుడు బహువచనం 'రుపయా'నా, 'రుపయే'నా అని చర్చ జరిగి 'రుపయే' నిలిచింది. తెలుగుకు ఆ తగువు లేదు, 'రూపాయలు' ఎప్పుడూ రూపాయలే. రాజు కాలం నుంచీ ఉన్న మన లిపి, ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చిన తర్వాతి పట్టీలో తమిళానికి కింద, ఉర్దూకు పైన ఉంటుంది. నోరు 'వంద' అంటున్నా నోటు 'నూరు' అంటుంది.

గాంధీ నోటు మీదికి వచ్చింది 1969లో, శతజయంతికి. సేవాగ్రామ్ ఆశ్రమం ముందు కూర్చుని, అదీ వెనక వైపున. 1987 అక్టోబరులో వచ్చిన ఐదు వందల నోటు మీద ముందుకు వచ్చాడు. ఆ నోటును వెలుతురుకు పట్టి చూడాలి: అచ్చులో గాంధీ, నీటిగుర్తులో ఇంకా సింహాలే. ఆరో జార్జికి ఒక్కడికే దక్కిన రెండు చోట్లూ ఇక్కడ ఇద్దరి మధ్య పంపకమయ్యాయి. 1996 వరసలో నీటిగుర్తు కూడా గాంధీకే వెళ్లింది. సింహాలు ఎడమవైపు కింది మూలకు జరిగాయి.