అడ్రినోల్యూకోడిస్ట్రఫీ: మెదడు స్కానింగ్

మెదడులో నాడీ తంతువుల మీది మైలిన్ పొర ఊడిపోయే అరుదైన జన్యువ్యాధి అడ్రినోల్యూకోడిస్ట్రఫీ. ఎక్స్ క్రోమోజోమ్ మీది ఏబీసీడీ1 జన్యువులో లోపం వల్ల అతి పొడవు గొలుసుల కొవ్వు ఆమ్లాలు విరగక మెదడులో, అడ్రినల్ గ్రంథుల్లో పేరుకుంటాయి. మెదడును దెబ్బతీసే రూపం ఎక్కువగా 4–10 ఏళ్ల మగపిల్లల్లో బయటపడుతుంది. బడిలో ధ్యాస నిలపలేని పిల్లాడిని మొదట్లో అల్లరివాడు అనుకోవడం మామూలే.

లక్షణాలు కనిపించకముందే ఎమ్మారై మార్పును పట్టేస్తుంది. టీ2 రకం ఎమ్మారై చిత్రంలో, చాలామందికి, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కల్లోజమ్ వెనుక కొస తెల్లగా మెరుస్తుంది. మచ్చ అక్కణ్నుంచి ఇరువైపులా రెక్కల్లా పాకుతుంది. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించాక దాని అంచు వెలిగితే అక్కడ వాపు చురుగ్గా ఉన్నట్టు, జబ్బు త్వరగా ముదిరే ప్రమాదం ఉన్నట్టు. నష్టాన్ని 1994లో వచ్చిన లోస్ కొలమానంపై 34 పాయింట్లకు లెక్కిస్తారు. స్కోరు తక్కువగా ఉన్నప్పుడు చేస్తేనే మూలకణ మార్పిడి బాగా ఫలిస్తుంది. జన్యులోపం ఉన్న బాలురకు 3–12 ఏళ్ల మధ్య 6 నెలలకోసారి స్కాన్ తీయాలనేది అందుకే. మెదడులోని రసాయనాలను కొలిచే ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ ఇంకాస్త ముందుంటుంది. మామూలు స్కాన్‌లో బాగానే ఉన్న చోట కూడా ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ తగ్గి, కోలిన్ పెరగడాన్ని పసిగట్టగలదు.

1992 నాటి ‘లోరెంజోస్ ఆయిల్’ సినిమాతో ఈ జబ్బు పేరు జనానికి తెలిసింది. అందులో మందుగా చూపిన నూనె మాత్రం మెదడులో మొదలైన నష్టాన్ని ఆపలేకపోయింది.