గొల్లకావిడి కింద దాగిన వేడి

మాది వనపర్తి దగ్గర పల్లె. శివరాత్రి జాగారానికి మిద్దె ఎక్కితే, వరసగా ఉన్న మూడు చుక్కల్ని చూపించి "అదిగో గొల్లకావిడి" అనేది మా నాయనమ్మ. వాటి కింద మసకగా ఒక మచ్చ. అది ఓరియన్ నెబ్యులా అని, అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక!

ఆ మచ్చకి కాస్త దక్షిణాన చిన్న చిన్న వెలుగు ముద్దల్ని అమెరికాలో హెర్బిగ్, మెక్సికోలో హారో విడివిడిగా గమనించారు. 1951, 52ల్లో ప్రకటించారు. అవేమిటో పాతికేళ్ళపాటు తేలలేదు. 1975లో ష్వార్ట్జ్ అనే ఆయన, ఇవి నక్షత్రాలు కాదు, వేగంగా వచ్చిన గాలి చుట్టూ ఉన్న వాయువుని గుద్దుకున్న చోట్లు అన్నాడు. పసి నక్షత్రం వాయువుని లోపలికి లాక్కుంటూనే కొంత రెండువైపులా చిమ్ముతుందన్నమాట.

నిజానికి అక్కడ ఉన్నదంతా ఎక్కువగా హైడ్రోజన్ అణువులే. చిక్కేమిటంటే, చల్లగా ఉన్నప్పుడు ఆ అణువు దాదాపు ఏ వెలుగూ ఇవ్వదు. దెబ్బ తగిలి రెండువేల డిగ్రీలకి వేడెక్కితేనే 2.12 మైక్రాన్ల దగ్గర మెరుస్తుంది. అది పరారుణం, కంటికి కనబడదు. 1976లో గోతియే, ఫింక్ బృందం ఓరియన్‌లో ఆ మెరుపుని పట్టుకుంది.

సరే, మరి మనవాళ్ళు? మా ఊరికి రెండు మూడు గంటల దూరంలో, జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళు 1968లోనే 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. అప్పట్లో దేశంలో పెద్దవాటిల్లో ఒకటి. దాంతో జంట నక్షత్రాల వెలుగు కొలిచారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణానికి శాస్త్రవేత్తలు అక్కడికి చేరితే, మా ఊళ్ళో జనం తలుపులేసుకుని కూర్చున్నారట. తర్వాత్తర్వాత నగరం వెలుగులు ముసిరి ఆ టెలిస్కోపు మూలపడింది.

"అంత అద్దం పెట్టుకుని ఈ మెరుపుని మనమెందుకు చూడలేదు?" అని చాన్నాళ్ళు నాకు కోపం. కాస్త చదివాక తగ్గింది. అద్దం ఒక్కటే చాలదు. పరారుణాన్ని పట్టే డిటెక్టర్ కావాలి, దాన్ని బాగా చల్లబరచాలి, తేమ లేని ఎత్తైన చోటు కావాలి. మా భాషలో చెప్పాలంటే సర్వర్ కొంటే సరిపోదు, మిగతా సరంజామా కూడా ఉండాలి.

ఆ చోటు లడఖ్‌లో దొరికింది. 2000లో హాన్లేలో, 4500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల టెలిస్కోపు పనిచేయడం మొదలుపెట్టింది. 2013లో దానికి పరారుణ పరికరం కూడా అమర్చారు. 1976కీ 2013కీ మధ్య 37 ఏళ్ళు! 2023లో వెబ్ టెలిస్కోపు తీసిన హెచ్.హెచ్. 211 ఫోటోలో ఆ చిమ్మడం ఎంత స్పష్టంగా ఉందో చూడండి.

నాకు మిగిలిన బాధల్లా వేరే. ఆ 48 అంగుళాల అద్దంలోంచి ఒక్కసారైనా ఆ మచ్చని చూసిన పాలమూరు పిల్లలు ఎంతమంది ఉంటారు? పరిశోధనకి పనికిరాని టెలిస్కోపు పిల్లలకి కూడా పనికిరాదా? ఏమంటారు?