పాటకు పెట్టుబడి: కెనడాలో ఫ్రెంచి గీతముల ధ్వనిముద్రణ కథ

ఫ్రెంచి భాష యనగనే తెలుగువారికి ముందుగ యానాము జ్ఞప్తికి వచ్చును. గోదావరి తీరమున, తెలుగు పల్లెల నడుమనున్న ఆ చిన్న పట్టణము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. కనుక ఆ భాష మనకు దొరల భాషగనే పరిచితము. కాని సముద్రములకావల, కెనడా దేశమున, అదే భాష ఓడిపోయినవారి భాషయై రెండు శతాబ్దములకు పైగ బ్రదికినది. అచ్చట ఫ్రెంచిలో పాట కట్టి పాడువాడు దానిని రికార్డుగ వెలువరింపవలెనన్నచో, అందుకు కావలసిన ధనము ఎక్కడనుండి రావలెను? ప్రశ్న చిన్నదిగనే కనబడును. కాని దీనికి సమాధానము వెదకుచు పోయినచో, ఒక భాష తన్ను తాను నిలుపుకొన్న తీరు కొంత తెలియవచ్చును. ఆ కథనే మేమిచ్చట చెప్పదలచితిమి.

1759లో క్విబెక్ నగరము వెలుపలి మైదానమున జరిగిన యుద్ధములో ఫ్రెంచి సేన ఓడినది. 1763 నాటి పారిస్ సంధితో ఆ ప్రాంతమంతయు ఆంగ్లేయుల వశమయ్యెను. అధికారులును, ధనికులగు వర్తకులును పెక్కురు ఫ్రాన్సుకు మరలిపోయిరి. రైతులును, చేతిపనులవారును నిలిచిపోయిరి. వ్యాపారము ఇంగ్లీషులో నడచెను. తరువాత వచ్చిన పెద్ద కర్మాగారములలో యజమాని భాషయు ఇంగ్లీషే. ఫ్రెంచి భాషకు మిగిలిన ఆశ్రయములు ఇల్లు, చర్చి, పొలము, శీతకాలపు రాత్రులలో పొయ్యిచుట్టు చేరి పాడుకొను పాట. 2021 జనాభా లెక్కలప్రకారము కెనడాలో ఫ్రెంచి మాతృభాషగా గలవారు ఎనుబది లక్షలకు కొంచెము తక్కువ. కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రములు రెండును కలిపిన జనాభాయో సుమారు 37 కోట్లు.

ఈ అంకెలలోనే మన ప్రశ్నకు మూలమున్నది. స్టూడియో అద్దె భాషనుబట్టి మారదు. వాయిద్యగాండ్ర కూలియు, ధ్వనిముద్రణ నిపుణుని జీతమును, అట్టల ముద్రణ వ్యయమును ఇంగ్లీషు పాటకెంతయో ఫ్రెంచి పాటకును అంతే. కొనువారు మాత్రము అందులో ఒక చిన్న భాగమే. ఇంగ్లీషు గాయకుడు మాంట్రియల్‌లో పాడిన పాట న్యూయార్కులోను, లండనులోను అమ్ముడుపోవచ్చును. ఫ్రెంచి గాయకునికి ఆ ఖండముమీద నున్న అంగడి యొక్కటే. ఫ్రాన్సు ఉన్నదికదా యని అనవచ్చును. కాని ఫ్రాన్సుకు తన గాయకులు తనకున్నారు.

మొదట ఈ భారమును ఎవరును పంచుకొనలేదు. గ్రామఫోను యంత్రమును కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ కుమారుడు హెర్బర్టు బెర్లినర్ 1918లో మాంట్రియల్ సమీపమున లషీన్ అనుచోట కాంపో అను రికార్డు కంపెనీని స్థాపించెను. 1929లో ఆ కంపెనీవారి స్టార్ ముద్రపై మేరీ ట్రావర్స్ అను నొక ఇల్లాలి పాటలు వెలువడినవి. ఆమెను జనము లా బొల్డ్యూక్ అని పిలిచిరి. గాస్పే ద్వీపకల్పములో బీదయింట 1894లో పుట్టి, చిన్నతనముననే మాంట్రియల్ చేరి, ఇండ్లలో పనిచేసి పొట్టపోసికొన్న మనిషి. తొలి రికార్డులు అంతగ అమ్ముడుపోలేదు. తరువాత వంటమనిషినిగూర్చి ఆమె కట్టిన హాస్యగీతము వేలకొలది ప్రతులు చెల్లినది. నిరుద్యోగము, ఇంటద్దె, ధరలు, పొరుగింటి ముచ్చట్లు - ఇవియే ఆమె పాటల విషయములు. భాష వీధిలో వినబడునదే. కాని ఆర్థికమాంద్యము ముదిరినకొలది రికార్డులు కొనువారు తగ్గిరి, కంపెనీ వేయు రికార్డులును తగ్గినవి. ఆమె ఊరూర తిరిగి పాడి సంసారమును ఈదెను. 1941లో మరణించెను. అంగడియే పోషకుడైనప్పుడు, అంగడికి జబ్బు చేసిననాడు పాటకును పస్తు తప్పదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

రెండవ ఉదాహరణ ఫెలిక్స్ లెక్లెర్. 1914లో జన్మించిన ఈ కవిగాయకుడు యౌవనమున రేడియోలో ప్రకటనకర్తగను, రచయితగను పనిచేసినవాడు. ఒక గిటారు పుచ్చుకొని తన పాటలు తానే పాడుకొనువాడు. స్వదేశమున ఆ పాటలకు తగిన ఆదరము దొరకలేదు. 1950లో పారిస్ నుండి వచ్చిన జాక్ కానెటీ అను సంగీత వ్యవహర్త ఆయన గానము విని ముగ్ధుడై ఫ్రాన్సుకు రప్పించెను. 1951లో అచ్చటి షార్ల్ క్రో అకాడమీ ఆయన రికార్డుకు మహాబహుమానము నిచ్చినది. పారిస్ మెచ్చినతరువాతగాని క్విబెక్ తన బిడ్డను గుర్తింపలేదు. ఇంట మొలచిన మొక్కకు పొరుగువాడు నీరు పోయవలసివచ్చుట, ఇంటివారికి గౌరవమైన విషయము కాదు. ఆ సిగ్గు క్విబెక్ మనసులో చాలకాలము నిలిచినది.

1957లో కెనడా ప్రభుత్వము కళలకు ధనసహాయము చేయుటకై కెనడా కౌన్సిలును స్థాపించినది. 1960లో క్విబెక్‌లో ప్రభుత్వము మారి, ‘ప్రశాంత విప్లవము’ అని చరిత్రకారులు పిలుచు యుగము మొదలయ్యెను. 1961లో ఆ రాష్ట్రమునకు ప్రత్యేక సాంస్కృతిక మంత్రిత్వశాఖ ఏర్పడినది. కాని ఆనాటి పెద్దల దృష్టిలో సంగీతమనగ ఆర్కెస్ట్రా, ఆపెరా. గిటారు పట్టుకొని పాడు యువకుని పాట వ్యాపారమేగాని కళ కాదని, దానిని వ్యాపారమే చూచుకొనునని తలచిరి.

ఈ తలంపును కదలించినది రేడియో. ప్రసార వ్యవహారములను నియమించు సి.ఆర్.టి.సి. అను సంస్థ 1968లో ఏర్పడినది. పియేర్ జ్యూనో అను ఫ్రెంచి కెనడియను దాని తొలి అధ్యక్షుడు. 1971లో ఆయన హయామున ఆ సంస్థ ఒక నిబంధన చేసినది: రేడియో కేంద్రములు ప్రసారముచేయు సంగీతములో 30 శాతము కెనడా దేశపుదై యుండవలెను. కేంద్రముల యజమానులు గగ్గోలు పెట్టిరి. నాణ్యమైన దేశీయ రికార్డులు అన్ని ఎక్కడ దొరకునని అడిగిరి. అటుపిమ్మట ఫ్రెంచి కేంద్రములకు మరొక నిబంధన వచ్చినది: గానములో 65 శాతము ఫ్రెంచి భాషలో నుండవలెను. కెనడా సంగీతమునకిచ్చు జూనో బహుమతుల పేరులో ఆ అధ్యక్షుని పేరు నేటికిని నిలిచియున్నది.

పాటను వినిపింపుమని ఆజ్ఞాపించుట సులభము. వినిపించుటకు పాట ఉండవలెను గదా! కొంతకాలము ఆ చింత లేకపోయెను. 1970ల దశకము క్విబెక్ పాటకు పండుగ. 1974 ఆగస్టు 13న క్విబెక్ నగరమున, పూర్వము తమవారు ఓడిపోయిన ఆ మైదానముమీదనే, ఫెలిక్స్ లెక్లెర్, జిల్ విగ్నో, రాబేర్ షార్లెబ్వా మువ్వురును ఒకే వేదికపై పాడగ వినుటకు మహాజనసమూహము కూడినది. ఆ యేటనే వెలువడిన బో దోమాజ్ అను బృందముయొక్క తొలి ఆల్బము లక్షకు మించి ప్రతులు చెల్లినది. విదేశపు పెద్ద కంపెనీలు మాంట్రియల్‌లో కార్యాలయములు పెట్టి గాయకులకొరకు వెదకినవి.

దశకము చివర గాలి మారినది. రికార్డుల వ్యాపారము దేశదేశముల మందగించెను. పెద్ద కంపెనీలు ముందుగ కత్తిరించినది చిన్న భాష పద్దునే. ఫ్రెంచి పాటల నిర్మాణము స్థానికులగు చిన్న నిర్మాతలమీద పడెను. వారి చేత మూలధనము లేదు. 1981లో ఒక పదమూడేండ్ల బాలిక తొలి ఆల్బమునకు పెట్టుబడి కుదరక, ఆమె వ్యవహర్త రెనే ఆంజెలిల్ తన ఇంటిని తాకట్టుపెట్టెను. ఆ బాలిక సెలీన్ డియాన్. ఆమె కీర్తి తరువాత లోకమంతయు వ్యాపించుటచే ఈ తాకట్టు కథ సంతోషముగ చెప్పుకొనబడుచున్నది. కాని తాకట్టుపెట్టుటకు ఇల్లే లేనివారి పాటలు ఎన్ని గొంతులోనే ఆగిపోయినవో చరిత్ర వ్రాసికొనలేదు.

ఈ స్థితిలో రికార్డు నిర్మాతలును, రేడియో యజమానులును ఒకచోట కూర్చుండిరి. ఇంగ్లీషు సంగీతమునకై 1982లో ఫ్యాక్టర్ అను నిధి ఏర్పడియుండెను. 1985లో ఫ్రెంచి సంగీతమునకై మ్యూజికాక్సియోన్ అను నిధి స్థాపితమయ్యెను. 1986లో కెనడా కేంద్రప్రభుత్వము ధ్వనిముద్రణాభివృద్ధి పథకమును ప్రారంభించి తన సొమ్మును ఈ రెండు నిధులద్వారా పంచసాగెను. ఆ పంపకములో ఫ్రెంచి సంగీతమునకు సుమారు 40 పాళ్లు కేటాయించిరి. దేశజనాభాలో ఫ్రెంచివారు నాలుగింట ఒక వంతైనను లేరు. జనసంఖ్యనుబట్టి పంచినచో చిన్న భాష చిన్నదిగనే మిగులునను వివేకము ఆ లెక్కలో నున్నది.

ఈ గ్రాంటు నడచు తీరు తెలిసికొనదగినది. గాయకుడుగాని, నిర్మాతగాని తన పాటల నమూనాలను, వ్యయపు అంచనాను, ఆల్బమును జనములోనికి ఎట్లు కొనిపోవునో ఆ యోచనను పంపవలెను. సంగీతవృత్తిలోనివారే పరీక్షకులుగ కూర్చుండి విని నిర్ణయింతురు. వ్యయమంతయు నిధి భరింపదు. ఒక భాగమునే ఇచ్చును, మిగిలినది అడిగినవాడే సమకూర్చుకొనవలెను. సొమ్మును ఒక్కసారిగ చేతిలో పోయరు. పని ముగిసి లెక్కలు ఒప్పగించినపిదప కడపటి వాయిదా ముట్టును. దీనినిబట్టి ఇది దానము కాదు, నష్టములో పాలుపంచుకొనుట యని మేము తలంతుము.

ధనము వచ్చు మార్గము మరింత విచిత్రమైనది. లాభముపొందు రేడియో కేంద్రములు కొంత భాగమును సంగీతాభివృద్ధికి చెల్లించుట కెనడాలో నియమమయ్యెను. 1998లో సి.ఆర్.టి.సి. మరియొక ఏర్పాటు చేసినది: ఒక వ్యాపార రేడియో కేంద్రము చేతులు మారినప్పుడు, కొనువాడు ఆ వెలలో 6 శాతమును దేశీయ సంగీతమునకు సమర్పింపవలెను. అందు 2 శాతము ఫ్యాక్టర్, మ్యూజికాక్సియోన్ నిధులకు, 3 శాతము పాటలను ప్రచారముచేయు వేరొక నిధికి, 1 శాతము కొనువాని ఇచ్చకు. ఆకాశమార్గము ప్రజలది, దానిమీద వ్యాపారము చేసికొనువాడు ప్రజల పాటకు పన్ను కట్టవలెనని దీని భావము.

ఫలితము క్విబెక్‌కే పరిమితము కాలేదు. 1755లో ఆంగ్లేయులు ఇండ్లనుండి వెడలగొట్టిన అకాడియనుల సంతతివారు న్యూ బ్రన్‌స్విక్‌లో నున్నారు. మానిటోబా, అంటారియో రాష్ట్రములలో ఫ్రెంచి కుటుంబములు చెదురుమదురుగ నున్నవి. వారి యాసలు వేరు, పాటల నడకలు వేరు. అట్టి చోట్ల స్థానిక అంగడి దాదాపు శూన్యము. వారికి నిధి తోడు లేనిదే ధ్వనిముద్రణ కలలోని మాట.

ఆక్షేపణలు లేకపోలేదు. ధనసహాయమునకు అలవాటుపడిన కళ వినువానికొరకుగాక పరీక్షకునికొరకు పాడునని కొందరందురు. దరఖాస్తు చక్కగ వ్రాయనేర్చినవాడు చక్కగ పాడనేర్చినవానిని మించిపోవునని మరికొందరందురు. లా బొల్డ్యూక్ ఏ నిధినాశ్రయించి పాడినదని అడుగువారును కలరు. ఈ మాటలలో నిజమున్నది. ఏ నిధియు గొప్ప పాటను పుట్టింపజాలదు. కాని నిధి లేనినాడు గొప్ప పాటలే మిగిలి చెడ్డ పాటలు పోవునా యన్నచో, అదియు కాదు. మిగులునది ఇల్లున్నవాని పాట. పోవునది లేనివాని పాట. పైగా ఏ భాషలోనైనను గొప్ప పాట ఒక్కటి రావలెనన్నచో సామాన్యమైన పాటలు నూరు రావలెను. ఆ నూటిని పాడనిచ్చుటయే నిధి చేయగలిగినది.

నేడు కష్టము వేరొక రూపమున వచ్చినది. వినువారు రేడియోను విడిచి, రుసుము కట్టి ఇంటర్నెట్టుద్వారా పాటలు వినుచున్నారు. రేడియో రాబడి తగ్గినకొలది నిధికి చేరు సొమ్మును తగ్గును. అచ్చటి పార్లమెంటు 2023లో ఇంటర్నెట్టు ప్రసారములనుగూర్చి ఒక చట్టము చేసినది. దానిననుసరించి 2024 జూన్‌లో సి.ఆర్.టి.సి. పెద్ద ప్రసార సంస్థలు కెనడాలో తమకు వచ్చు రాబడిలో 5 శాతమును ఇట్టి నిధులకు చెల్లింపవలెనని ఆదేశించినది. విదేశ సంస్థలు న్యాయస్థానమునకెక్కినవి. ఆ యేడు డిసెంబరులో న్యాయస్థానము చెల్లింపులను తాత్కాలికముగ నిలిపినది. 1971లో రేడియో యజమానులు పెట్టిన గగ్గోలే వేరు గొంతుతో మరల వినబడినది.

గృహమున మాటలాడుకొన్నంతమాత్రమున భాష నిలుచునని మనమందరము నమ్ముచుందుము. కెనడాలోని ఫ్రెంచివారు ఆ నమ్మికతో రెండువందల ఏండ్లు గడిపి, అది చాలదని గ్రహించిరి. పిల్లవాడు ఇంట తల్లిభాష మాటలాడి, వీధిలోనికి పోయి పొరుగుభాషలో పాడుకొన్నచో, వాని పిల్లవాడు ఇంటను ఆ పొరుగుభాషనే మాటలాడును. కనుకనే వారు నిఘంటువులకును, పాఠశాలలకును పెట్టినట్లే పాటకును పెట్టుబడి పెట్టిరి. ఆ పెట్టుబడికి వడ్డీ డాలర్లలో రాదు. చలికాలపు సాయంకాలమున మాంట్రియల్‌లో ఒక పిల్ల, నిన్ననే వెలువడిన పాటను తన భాషలో కూనిరాగము తీయుచు ఇంటికి పోవుట కద్దు. లెక్కల పుస్తకమున ఎక్కనిది ఆ వడ్డీయే.