ఏనుగు మల్లమ్మ కొండకు మా యాత్ర



మా పెద్దతిప్పసముద్రము పేరులో సముద్రము ఉన్నది గాని, మాకు సముద్రము బహు దూరము. చెరువును నమ్ముకొని వెలసిన ఊళ్ళకు 'సముద్రము' అని పేరు పెట్టుట మన రాయలసీమ పూర్వుల అలవాటు. వాన చాలని సీమలో చెరువే సముద్రము. ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, ఏమి వ్రాయవలెనో తోచక మేము ఐదుగురము ఆలోచించుకొని, మన పొరుగుననే ఉన్న హార్స్‌లీ కొండను ముందుగా చూచి వచ్చుటకు బయలుదేరాము.

బి.కొత్తకోట మీదుగా కొండ అడుగుకు చేరుసరికి ఎండ ముదిరింది. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగేకొద్దీ గాలి మారింది. క్రింద వేరుసెనగ చేలు, బోడి గుట్టలు. పైన దట్టమైన అడవి. కొండ కొన సుమారు 4,100 అడుగుల ఎత్తున ఉన్నది. కాగితముల మీద ఇది టౌన్‌షిప్. చూడబోతే కొన్ని అతిథి గృహములు, కొన్ని అంగళ్ళు, పనివారి ఇండ్లు, గంగోత్రి అను చిన్న చెరువు, మిగిలినదంతా చెట్లే. యాత్రికులు సాయంకాలమునకు దిగిపోయిన పిమ్మట ఇక్కడ మిగులు మనుష్యులు కొద్దిమందే.

చరిత్ర సంగతికి వస్తే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె ప్రాంతము కడప జిల్లాలో ఉండేది. పందొమ్మిదవ శతాబ్ది మూడవ పాదములో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర వేసవి తాపమునకు తాళలేక ఈ కొండపై ఇల్లు కట్టుకొన్నాడు. అప్పటినుండి కొండకు ఆయన పేరే స్థిరపడింది. ఆ కాలములో ఇట్టివి అనేకము జరిగాయి. కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ దొర 1820ల తొలి సంవత్సరములలో నీలగిరులపై ఇల్లు కట్టుటతోనే ఊటీ పట్టణము మొదలయినది. అంతకు ఎంతో ముందునుండి అక్కడ తోడా జనులు గేదెలను మేపుకొని బ్రతుకుచుండిరి.

ఇక్కడ కూడ దొరకంటె ముందు మనిషి లేకపోలేదు. ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అను భక్తురాలు ఈ అడవిలో ఒంటరిగా ఉండేదనీ, ఏనుగులు ఆమెకు ఆహారము తెచ్చి పెట్టేవనీ ఐతిహ్యము. కొండపై ఆమెకు గుడి కూడ ఉన్నది. ఈ సీమలో ఏనుగులా అని మాలో ఒకరు నవ్వారు. ఐతే 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు కుప్పము, పలమనేరు వైపు వచ్చి నిలిచిపోయిన సంగతి మనకు తెలిసినదే. వాటి కొరకే 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడింది. కాబట్టి ఆ కథ పూర్తిగా గాలిలో పుట్టినదని అనలేము.

దారి ప్రక్కన జామకాయలు అమ్ముచున్న ఒక ముసలమ్మను, "అవ్వా, ఈ కొండ పేరేమి?" అని అడిగాము.

"మల్లమ్మ కొండ కదా నాయనా! ఆర్స్‌లీ అనేది బస్సు బోర్డులో పేరు," అని ఆమె బదులు చెప్పి, కాయలు తూచి ఇచ్చింది.

పైన ఒక బ్రహ్మాండమైన నీలగిరి చెట్టును చూచాము. హార్స్‌లీ దొర 1859లో నాటినదని చెప్పుకొంటారు. ఈ జాతి చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. నీలగిరులలో విస్తారముగా పెంచినందున తెలుగువారికి అది నీలగిరి చెట్టయినది. ఈ చెట్టుకైతే ఇక్కడివారు 'కల్యాణి' అని ముద్దుపేరు కూడ పెట్టుకొన్నారు. పరదేశపు చెట్టుకు తెలుగు పేరు వచ్చింది. తెలుగు కొండకు పరదేశి పేరు వచ్చింది. దొరను మేము నిందించుట లేదు. నీడనిచ్చు చెట్టు నాటినవాడు మంచి పనియే చేశాడు. ఐతే దొర పేరు రికార్డులలో ఉన్నది, మల్లమ్మ పేరు ప్రజల నోట ఉన్నది. రికార్డును ప్రభుత్వము కాపాడును. నోటి మాటను ఎవరు కాపాడెదరు?

గాలిబండ మీద కూర్చొని ఈ మాట తలచుకొనగా మాకు సిగ్గు కలిగింది. మా సంచిలో ఉన్న చిత్తుప్రతిలో మేము వ్రాసుకొన్నవన్నీ దొరల పేర్లు, సంవత్సరములే. 1863లో జేకబ్ ఛాంబర్లిన్ దొరగారు నిజాము రాజ్యము మీదుగా గోదావరి ప్రాంతములకు సువార్త యాత్ర చేశారనీ, తమ అడవి అనుభవములను 1896లో ఇంగ్లీషు పుస్తకముగా ప్రకటించారనీ వ్రాశాము. ఆ దారిలో ఆయనతో నడచిన మన దేశపు సహాయకుల పేర్లు ఒక్కటియు వ్రాయలేదు. మన ఊళ్ళలో దీపము బుడ్డి వెలుగులో అక్షరములు నేర్పిన పంతుళ్ళు, ఇంటింటికి నడచిన బైబిలు స్త్రీలు, గుడి గోడకు మట్టి మోసిన తల్లులు, వీరెవరునూ మా కాగితములో లేరు.

ఆ సాయంకాలము కొండ దిగునప్పుడే చిత్తుప్రతిని ప్రక్కకు పెట్టివేశాము. తిరిగి వచ్చిన వారము నుండి మా సంఘములోని వృద్ధుల యొద్దకు నోటుపుస్తకము తీసికొని పోవుచున్నాము. ఇప్పటికి కొన్ని పేర్లు దొరికినవి. మరికొన్ని పేర్లు తెలిసినవారు ముందే కన్నుమూశారు.

పాఠకులారా, మీ సంఘములలోను ఈ పని ఇప్పుడే మొదలుపెట్టుడని మనవి చేయుచున్నాము. మీ ఊరి మల్లమ్మ పేరు తెలిసిన అవ్వ ఇంకను బ్రతికి ఉండగానే వెళ్ళి అడుగుడి.