మంచుదారిలో వసంతం

భారతీయ కవులు వసంతాన్ని ఋతురాజని కీర్తించారు. హిమాలయపు కనుమల మీదుగా బరువులు మోసి బ్రతికిన జనులకు మాత్రం ఆ రాజు దయాళువు కాడు. మాఘమాసపు చలిగాడ్పులకు వారెంత వెరచేవారో, చైత్రమాసపు వెచ్చని మధ్యాహ్నానికి కూడ అంతే వెరచేవారు. ఈ వెరపులో ఎన్నో తరాల అనుభవం ఇమిడి ఉన్నది.

కాశ్మీరు లోయను లడఖ్‌తో కలిపే జోజిలా కనుమ చరిత్ర దీనికి మంచి నిదర్శనం. దాని ఎత్తు సుమారు 3,528 మీటర్లు. హిమాలయాలలో ఇది గొప్ప ఎత్తు కాదు. అయినను పడమటి నుండి వచ్చే తేమగాలులు అక్కడ ఎడతెగక మంచు కురిపిస్తాయి. బాల్తాల్ వైపు వాలు అతి నిటారుగా ఉంటుంది. 1532లో మీర్జా హైదర్ సేనతో కాశ్మీరులో ప్రవేశించినది ఈ దారినే. చాంగ్‌థాంగ్ మేకల పష్మీనా ఉన్ని శ్రీనగరు మగ్గాలకు చేరినదీ ఈ దారినే. సేనానుల పేర్లు చరిత్రలో నిలిచాయి. వారికి దారి చూపినవారి పేర్లు, ఉన్నిమూటలు మోసినవారి పేర్లు ఎక్కడా కానరావు. కాని కనుమను ఏ వేళ దాటవచ్చునో, ఏ వేళ దాటరాదో ఎరిగినవారు వారే.

ఆ ఎరుక వెనుక ప్రకృతి ధర్మమొకటి ఉన్నది. శీతకాలమంతా పొరలు పొరలుగా పేరుకొన్న మంచులో రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉంటాయి. వసంతంలో ఎండ తగిలేసరికి పై పొర కరగి, నీరు లోపలికి ఇంకుతుంది. రేణువుల పట్టు సడలుతుంది. నీరు అడుగున నేలదాకా దిగినదంటే వాలు మీది మంచు అంతా ఒక్కసారిగా జారవచ్చును. 30 నుండి 45 డిగ్రీల వాలులలో ఈ అపాయం అధికం. తడిమంచు పొడిమంచంత వేగంగా పరుగెత్తదు. కాని దాని బరువు అపారం. ఆగిన వెంటనే అది రాయివలె గట్టిపడుతుంది. అందులో చిక్కినవాడు చేయి కదపజాలడు.

నిర్మలమైన రాత్రి ఆకాశం క్రింద కరిగిన మంచు తిరిగి గడ్డకట్టి, అడుగు మోపదగిన గట్టి పెచ్చుగా మారుతుంది. అందుచేతనే వసంతంలో బాటసారులు అర్ధరాత్రి దాటాక బయలుదేరి, ఎండ వాలుల మీద పడకమునుపే కనుమ దాటేవారు. రాత్రి మబ్బు పట్టి వెచ్చగా ఉంటే మంచు గడ్డకట్టదు. అట్టి తెల్లవారుజామున కూడ ప్రయాణం క్షేమం కాదు. చేతిలో గడియారం లేకున్నను, ఆకాశాన్ని చూచి నిర్ణయం చేయగల శాస్త్రమది.

అట్టి ఎరుక 1948లో దేశానికి అక్కరకు వచ్చినది. లడఖ్ రక్షణకై ఆ సంవత్సరం ఫిబ్రవరి 16న శ్రీనగరు నుండి మేజర్ పృథీచంద్ నాయకత్వాన ఒక చిన్న దళం బయలుదేరి, మంచుతో మూసుకొనిపోయిన జోజిలాను దాటి, మార్చి 8న లేహ్ చేరుకొన్నది. పృథీచంద్ లాహుల్ లోయవాడు. మంచు మధ్య పుట్టి పెరిగినవాడు. ఆయన వెంట నడిచినవారిలో అనేకులు కూడ లాహుల్ వారే. ఆ సాహసంలో శౌర్యమెంత ఉన్నదో, మంచు మర్మమెరిగిన వివేకమూ అంత ఉన్నది.

తరువాత మోటారు బాట వచ్చినది. మంచుచరియలను పరిశోధించి హెచ్చరికలు చేయుటకు 1969లో మనాలిలో ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. యంత్రాలతో మంచును తొలగించి దారిని నానాటికి ముందుగా తెరువసాగారు. 2023లో జోజిలా 68 దినాలు మాత్రమే మూసియుండి, మార్చి 16ననే తెరువబడినది. లడఖ్ ప్రజలకు ఇది గొప్ప ఉపకారం. కాని దారి ముందుగా తెరచినకొద్దీ, మంచు సడలే కాలంలో ఆ వాలుల క్రిందుగా పోయేవారి సంఖ్య పెరుగుతుంది. ఆ ఏడాదే, దూరాన సిక్కింలో, ఏప్రిల్ 4న నాథులా మార్గంలో పట్టపగలు మంచుచరియ కూలి 7 మంది పర్యాటకులు మరణించారు. కొండదారిని వాహనం సుగమం చేసినది. కొండ వేళలను మాత్రం మార్చలేదు. జోజిలా క్రింద 13 కిలోమీటర్లకు పైగా సాగే సొరంగానికి 2020లో పని ఆరంభించుటలోని అంతరార్థమిదే: వాలును జయింపలేము, దాని క్రిందుగా తప్పుకొని పోవలె.

మరి ఈ విపత్తుల చరిత్రను ఎవరు వ్రాసి ఉంచారు? ఆస్థాన చరిత్రకారులు యుద్ధాలను వ్రాశారు. కూలీలను మ్రింగిన మంచుచరియలకు వారి గ్రంథాలలో చోటు అరుదు. కాని చెట్లు వ్రాసి ఉంచాయి. మంచు దెబ్బకు వంగిన మ్రానుల కాండంలోని వలయాలలో ఆ గాయాలు ఏడాది వారీగా నిలిచి ఉంటాయి. హిమాచల్ ప్రదేశ్‌లో అట్టి వలయాలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఇటీవలి దశాబ్దాలలో అక్కడ మంచుచరియలు అధికమైనవనీ, శీతకాలాంతంలోనూ వసంతారంభంలోనూ పెరిగిన వెచ్చదనమే దానికి కారణమనీ తేల్చినది.

అనగా, పూర్వులు ఆకాశాన్ని చూచి నేర్చిన వేళలు కూడ నేడు కదలిపోతున్నవి. గట్టిపడని రాత్రులు పెరిగితే, తెల్లవారుజామునకు ముందే దాటవలెనన్న ఆ పాత నియమం ఇక ఎంతవరకు కాపాడగలదు? పేరులేని ఆ బాటసారులు మనకు విడిచిపోయినది ఆ ఒక్క నియమమే కాదు; అడుగు వేయకమునుపు ఆకాశం వైపొకసారి, వాలు వైపొకసారి చూచే అలవాటు కూడ. నియమం మారినను ఆ చూపు మారరాదు.